డైలీ లెన్సా, మంత్లీ లెన్సా: గుంటూరు, బెజవాడ వాళ్లు ఎలా ఎంచుకోవాలి

పోయిన మార్చిలో, మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్లో లెక్కలు రాసే అమ్మాయి ఒకామె మా క్లినిక్‌కు వచ్చింది. రెండు కళ్లూ చింతనిప్పుల్లా ఉన్నాయి. "మేడమ్, ఈ లెన్స్ నాకు పడట్లేదండి, పెట్టుకుంటే మంట" అంది. కాంటాక్ట్ లెన్స్ డబ్బా తెచ్చారా అని అడిగితే హ్యాండ్‌బ్యాగులోంచి తీసి నా ముందు పెట్టింది. మూత తిప్పి చూశాను. లోపలి సొల్యూషన్ లేత పసుపుకు తిరిగింది. మూత మరల్లో సన్నగా ఎర్రటి దుమ్ము పట్టుకుని ఉంది, కారం దుమ్ము. అడుగున వేలు పెడితే బెండకాయ జిగురులా జారింది. లెన్స్ ఎప్పుడు తెరిచారంటే, "సంక్రాంతికి ముందు తెరిచానండి. రోజూ పెట్టుకోలేదు కదా, ఇంకా ముప్ఫై సార్లు కాలేదు" అంది.

ఆమెది నిర్లక్ష్యం అనుకోకండి. లెన్స్ అమ్మినవాళ్లు మంత్లీ అన్నారు, డబ్బులు తీసుకున్నారు, నెల అంటే ఏ నెలో చెప్పలేదు. గుంటూరులో నేను ఆప్టోమెట్రిస్ట్‌గా, అంటే చూపు పరీక్షించి అద్దాలు, లెన్సులు ఇచ్చే పనిచేస్తూ వారంలో ఇద్దరు ముగ్గురినైనా ఇలాంటి వాళ్లను చూస్తాను. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను. డైలీ మంచిదా, మంత్లీ మంచిదా అని అందరూ లెన్స్ గురించే అడుగుతారు. నేను మాత్రం ముందు మిమ్మల్నే మూడు ప్రశ్నలు అడుగుతాను. నెలలో ఎన్ని రోజులు పెట్టుకుంటారు? రాత్రి ఇంటికి చేరాక ఎంత ఓపిక ఉంటుంది? పగలంతా మీ చేతులు దేన్ని ముట్టుకుంటాయి?

ముందు నెల లెక్క సరిచేసుకుందాం

డైలీ లెన్స్ పొద్దున సీలు తీసి పెట్టుకుంటాం, రాత్రి తీసి చెత్తబుట్టలో వేస్తాం. మర్నాడు కొత్త జత. దానికి సొల్యూషన్ అక్కర్లేదు, డబ్బా అక్కర్లేదు. మంత్లీ లెన్స్‌ను ప్రతి రాత్రీ తీసి, రుద్ది కడిగి, సొల్యూషన్‌లో నానబెట్టి మర్నాడు మళ్లీ పెట్టుకుంటాం. సీలు తీసిన రోజు నుంచి 30 రోజులు అయ్యేసరికి దాని పని అయిపోయినట్టే. మధ్యలో మీరు పది సార్లే పెట్టుకున్నారా, రెండు సార్లే పెట్టుకున్నారా అన్నది లెక్కలోకి రాదు. పెరుగు ప్యాకెట్ కత్తిరించాక తిన్నా తినకపోయినా పులిసిపోతుంది కదా, ఇదీ అంతే. డబ్బాలో ఊరికే ఉన్న రోజుల్లో కూడా లెన్స్ మీద ప్రొటీన్ పొర, మురికి, సూక్ష్మజీవులు అలాగే ఉంటాయి. 15 రోజుల లెన్సులు కూడా దొరుకుతాయి. వాటికి గడువు తక్కువ, జాగ్రత్తలన్నీ మంత్లీవే.

రెండూ మెత్తటి లెన్సులే. మెత్తటి లెన్స్ కనిపెట్టిన చెకొస్లొవేకియా శాస్త్రవేత్త ఒట్టో విఖ్తర్లె 1961 క్రిస్మస్ రోజుల్లో పిల్లలు ఆడుకునే లోహపు ముక్కల సెట్టుతో ఇంట్లోనే చిన్న యంత్రం బిగించి మొదటి లెన్సులు తీశాడు. ఆయన వాడిన పదార్థం నీళ్లు పీల్చుకుని మెత్తబడే ప్లాస్టిక్. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నీళ్లు పీల్చే వస్తువు నీళ్లతో వచ్చే మిగతావాటిని కూడా పీలుస్తుంది. సబ్బు, కారం, పొగ, పసుపు, చేతికి రాసుకున్న లోషన్, అన్నీ. 1999లో వచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ రకం గాలిని ఎక్కువగా పోనిస్తుంది. మన కార్నియాకు, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరకు, రక్తనాళాలు లేవు. అది ప్రాణవాయువును ఎక్కువగా బయటి గాలి నుంచే తీసుకుంటుంది. కాబట్టి రోజుకు ఎనిమిది గంటలు దాటి లెన్స్ పెట్టుకునేవాళ్లు డైలీ అయినా మంత్లీ అయినా సిలికాన్ హైడ్రోజెల్‌దే అడగండి. రెండింటిలోనూ దొరుకుతుంది.

మొదటి అడుగు: షాపు కంటే ముందు పరీక్ష

కళ్లజోడు చీటీ ఫోటో పెట్టి ఆన్‌లైన్‌లో లెన్స్ ఆర్డర్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ చీటీ లెన్స్‌కు సరిపోదు. కళ్లజోడు కంటికి ఒక సెంటీమీటరు పైనే దూరంలో ఉంటుంది, లెన్స్ కంటి మీదే కూర్చుంటుంది. పవర్ 4 దాటిందంటే ఆ దూరం వల్ల నంబరు మారుతుంది. కళ్లజోడు మైనస్ 6 ఉన్నవాళ్లకు లెన్స్ సుమారు మైనస్ 5.50 వస్తుంది. అదే మైనస్ 6 లెన్స్ పెట్టుకుంటే సాయంత్రానికి తలనొప్పి.

నంబరు ఒక్కటే చాలదు. లెన్స్ పెట్టె మీద బీసీ అని 8.4, 8.6 లాంటి అంకె ఒకటి ఉంటుంది. అది లెన్స్ వంపు. డయా అని 14.0, 14.2 లాంటిది ఉంటుంది. అది వెడల్పు. వంపు మీ కంటికి బిగుతైతే లెన్స్ కదలదు, దాని కింద కన్నీళ్లు మారవు, తీసేశాక తెల్లగుడ్డు మీద గుండ్రంగా అచ్చు పడుతుంది. వదులైతే రెప్ప వేసినప్పుడల్లా జారి గరగరలాడుతుంది. అందుకే ట్రయల్ లెన్స్ పెట్టి, 20 నిమిషాలైనా కూర్చోబెట్టి, కన్నును పెద్దదిగా చూపించే స్లిట్ ల్యాంప్ కింద రెప్ప వేయించి లెన్స్ ఎంత కదులుతోందో చూస్తాం. అలా చూడకుండా పెట్టె చేతిలో పెట్టే చోట కొనకండి.

అదే కూర్చునే సమయంలో రెప్ప లోపలి వైపు తిప్పి చూడమని అడగండి. అలర్జీ గుల్లలు ఉంటే అక్కడ కనబడతాయి. కన్నీళ్ల పొర ఎంతసేపు నిలుస్తోందో కూడా చూపించుకోండి. ఈ చుట్టుపక్కల పెద్ద పరీక్ష కావాలంటే విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ప్రాంగణం ఉంది, గుంటూరు పక్కన పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. మీకు నమ్మకమున్న కంటి డాక్టరు వేరే ఉంటే అక్కడైనా సరే. వచ్చేటప్పుడు చీటీ మీద లెన్స్ పవర్, బీసీ, డయా, సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు వచ్చే నంబరు) ఉంటే దాని యాక్సిస్ (కోణం), లెన్స్ పేరు రాయించుకోండి.

ఇక్కడే కొందరికి ఎంపిక సగం తేలిపోతుంది. సిలిండర్ ఎక్కువగా ఉన్నా, పవర్ బాగా ఎక్కువగా ఉన్నా డైలీలో మీ నంబరు దొరక్కపోవచ్చు, మంత్లీలో దొరుకుతుంది. కళ్ల దురద, అలర్జీ తరచూ వచ్చేవాళ్లకు నేను డైలీయే చెబుతాను. ప్రతి పొద్దునా కొత్త లెన్స్ కాబట్టి దాని మీద పొర పేరుకునే సమయమే ఉండదు. సొల్యూషన్‌లోని మందు పడనివాళ్లకూ అంతే. కంటిపొర కోసుగా మారే కెరటోకోనస్ ఉన్నవాళ్ల దారి వేరు, వాళ్లు ఈ రెండింటి మధ్య తేల్చుకోవాల్సిన పని లేదు, డాక్టరు చెప్పిన లెన్సులే (ఎక్కువగా గట్టివి) వాడాలి.

రెండో అడుగు: ఒక నెల క్యాలెండర్ ముందేసుకోండి

ఇంట్లో గోడ మీద ఉన్న క్యాలెండరే చాలు. పోయిన నెలలో మీకు నిజంగా లెన్స్ అవసరమైన రోజులకు సున్నా చుట్టండి. "రోజూ పెట్టుకుంటాను మేడమ్" అని చెప్పినవాళ్లే క్యాలెండర్ ముందు కూర్చుంటే తొమ్మిదో పదో సున్నాల దగ్గర ఆగిపోతారు. ఆదివారాలు ఇంట్లో కళ్లజోడే, జ్వరం వచ్చిన మూడు రోజులు కళ్లజోడే, ఊరెళ్లిన నాలుగు రోజులు కళ్లజోడే.

ఇప్పుడు డబ్బు లెక్క. ధరలు బ్రాండును బట్టి మారతాయి కాబట్టి లెక్క చేసే పద్ధతి చెబుతాను, అంకెలు మీ బిల్లులోవి వేసుకోండి. ఉదాహరణకు డైలీ లెన్స్ ఒకటి రూ.60 అనుకుందాం. రెండు కళ్లకు రోజుకు రూ.120. మంత్లీ లెన్స్ ఒకటి రూ.300 అనుకుంటే జత రూ.600, నెలకు సొల్యూషన్ రూ.250, మొత్తం రూ.850. ఆ 850ని 120తో భాగిస్తే ఏడు వస్తుంది. అంటే ఈ ధరలకు నెలలో ఏడు రోజుల లోపు పెట్టుకునేవాళ్లకు డైలీయే చవక. 22 రోజులు ఆఫీసుకు పెట్టుకునేవాళ్లకు డైలీ రూ.2,640 అవుతుంది, మంత్లీ అదే రూ.850. తేడా చిన్నది కాదు, జీతం చూసుకుని బతికేవాళ్లకు అది తెలుస్తుంది. నేను ఎవరినీ ఖర్చు ఎక్కువదే కొనమని బలవంతపెట్టను.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. డైలీ కొని, డబ్బు మిగులుతుందని రాత్రి సొల్యూషన్‌లో వేసి మూడు రోజులు వాడటం అన్నిటికంటే చెడ్డ ఎంపిక. డైలీ లెన్స్ పలచగా ఉంటుంది, రుద్ది కడగడానికి తయారైంది కాదు. దాని పెట్టెలో ఉన్న నీళ్లు ఉత్త సెలైన్, అది క్రిములను చంపదు. ఖర్చు భారమైతే మంత్లీ తీసుకుని శుభ్రంగా వాడండి, లేదా వారంలో నాలుగు రోజులు కళ్లజోడు, మిగతా రోజులు డైలీ పెట్టుకోండి. మా దగ్గరికి వచ్చే లెక్చరర్లలో ఇలా కలిపి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, హాయిగా ఉన్నారు.

పెళ్లికని లెన్స్ అడిగే ఆడపిల్లలకు ఆలోచన అక్కర్లేదు, డైలీయే. హోమం పొగ, తలంబ్రాలలో పసుపు, రాత్రంతా మేలుకోవడం. ఒక జత పెట్టుకుని, ఇంకో రెండు జతలు పెద్దమ్మ చేతి సంచిలో ఉంచమనండి. మేకప్ వేయించుకునే ముందే లెన్స్ పెట్టుకోవాలి, మేకప్ తుడిచే ముందే లెన్స్ తీసేయాలి. రంగు లెన్సులు అక్కాచెల్లెళ్లు ఒకరివి ఒకరు పెట్టుకుని ఫోటోలు దిగడం చూశాను. దయచేసి వద్దు. ఒక కంటి ఇన్ఫెక్షన్ ఇంకో కంటికి పోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

మూడో అడుగు: రాత్రి పదకొండింటికి మీరెలా ఉంటారు

మంత్లీ లెన్స్ ఖర్చు తక్కువే, కానీ ప్రతి రాత్రీ నాలుగైదు నిమిషాల పని అడుగుతుంది. ఆ పని ఏమిటో చదివి, రోజూ చేయగలనా లేదా మీకు మీరే చెప్పుకోండి.

చేతులు సబ్బుతో కడిగి, నూగు రాలని గుడ్డతో పూర్తిగా తుడుచుకోవాలి. తడి చేతితో లెన్స్ ముట్టుకోకూడదు. ఎప్పుడూ కుడి కన్నే ముందు, ఈ అలవాటు ఉంటే ఎడమ కుడి తారుమారు కావు. లెన్స్‌ను అరచేతిలో పెట్టి, సొల్యూషన్ నాలుగు చుక్కలు వేసి, వేలి కొనతో ఇటూ అటూ మెల్లగా రుద్దాలి, ఒక్కో వైపు పది సెకన్లు. రుద్దక్కర్లేదని కొన్ని సీసాల మీద రాసి ఉన్నా రుద్దండి. గిన్నె నానబెట్టినంత మాత్రాన జిడ్డు పోతుందా? తర్వాత సొల్యూషన్‌తోనే జాడించి, డబ్బాలో కొత్తగా పోసిన సొల్యూషన్‌లో వేసి మూత బిగించాలి. సీసా మీద రాసినన్ని గంటలు నానాలి, మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలు.

పొద్దున లెన్స్ పెట్టుకున్నాక డబ్బాలో మిగిలింది పారబోయాలి. నిన్నటి దాని మీదే కాస్త కొత్తది కలపడం అందరూ చేసే తప్పు. నిన్నటి సొల్యూషన్‌లో క్రిములను చంపే శక్తి అయిపోయి ఉంటుంది, కొత్తది కలిపితే అది కూడా పలచబడుతుంది. డబ్బాను సొల్యూషన్‌తోనే కడిగి, శుభ్రమైన టిష్యూతో తుడిచి, మూతలు తీసి బోర్లించి ఆరబెట్టండి. బాత్‌రూమ్ అల్మరాలో పెట్టకండి. కొత్త లెన్స్ తెరిచిన రోజే కొత్త డబ్బా కూడా తీస్తే గుర్తుంటుంది, ఎంత లేదన్నా మూడు నెలలకు మించి ఒక డబ్బా వాడకూడదు. సొల్యూషన్ సీసా తెరిచిన తేదీ దాని మీదే పెన్నుతో రాయండి. చాలా సీసాలకు తెరిచాక గడువు 90 రోజులు. ఊరెళ్తున్నామని చిన్న సీసాలోకి వంపుకోవద్దు.

ఇక నీళ్లు. ఈ విషయంలో నేను కాస్త కటువుగానే మాట్లాడతాను. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, కాచి చల్లార్చినవి, ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు, ఏవీ లెన్స్‌కు గానీ డబ్బాకు గానీ తగలకూడదు. మనం తాగితే ఏమీ కాని నీళ్లలో కూడా అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉండొచ్చు. అది లెన్స్‌ను అంటుకుని కార్నియాలోకి చేరితే నొప్పి భరించలేం, మందులు నెలల తరబడి వేయాలి, కొందరికి కార్నియా మార్పిడి దాకా పోతుంది. లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి రోగులను పరిశీలించి 2022లో ప్రచురించిన పరిశోధనలో, మళ్లీ మళ్లీ వాడే లెన్సుల వాళ్లకు ఈ జబ్బు వచ్చే ముప్పు డైలీ వాళ్ల కంటే దాదాపు నాలుగు రెట్లు ఉన్నట్టు తేలింది. లెన్స్‌తో స్నానం చేయడం కూడా ఆ ముప్పును పెంచుతుందని అందులోనే ఉంది.

పొరపాటున లెన్స్‌తోనే నిద్రపోయే అలవాటు మీకుందా? నైట్ షిఫ్టు దిగి సోఫాలో వాలిపోయేవాళ్లు, చంటిబిడ్డ తల్లులు, హాస్టల్‌లో రాత్రి స్టడీ అవర్ అయ్యాక పుస్తకం మీదే తల వాల్చే ఇంటర్ పిల్లలు. లెన్స్‌తో నిద్రపోతే కార్నియా ఇన్ఫెక్షన్ ముప్పు 6 నుంచి 8 రెట్లు పెరుగుతుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఇది డైలీకీ వర్తిస్తుంది. డైలీ అన్నాం కాబట్టి పెట్టుకుని పడుకోవచ్చని ఎవరూ అనుకోకండి. కానీ అలసిన రాత్రి ఒక్క క్షణంలో తీసి పారేయగలిగేది డైలీనే. రుద్దాలి, కడగాలి, డబ్బా వెతకాలి అంటే "పోనీలే ఈ ఒక్క రాత్రికి" అనిపిస్తుంది. మీరు నూటికి నూరు రాత్రులూ ఆ పని చేయగలిగితే మంత్లీ మీకు మంచి లెన్సే. ఒక్క పది రాత్రులు తప్పుతాయనిపించినా డైలీ తీసుకోండి, డబ్బు చాలకపోతే తక్కువ రోజులు పెట్టుకోండి.

నాలుగో అడుగు: మీ చేతులు, మీ గాలి

ఈ విషయం ఏ పెట్టె మీదా రాసి ఉండదు. గుంటూరులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు రోజుకు లక్షకు పైగా టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చే రోజులుంటాయి. ఆ చుట్టుపక్కల నడిచినవాళ్లకు తెలుసు, గాలే ఘాటుగా ఉంటుంది. ఆ ఘాటుకు కారణం క్యాప్సైసిన్. అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే కారం ముట్టుకున్న చేతిని ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా వేలు కంటికి తగిలితే మండుతుంది. ఆ వేలితో లెన్స్ తీస్తే ఘాటు లెన్స్‌కు పడుతుంది. మంత్లీ అయితే సొల్యూషన్ దాన్ని పూర్తిగా వదిలించలేదు, మర్నాడు పొద్దున పెట్టుకోగానే మళ్లీ మంట. మొదట చెప్పిన కొట్టు అమ్మాయికి జరిగింది అదే. దానికి తోడు గడువు దాటిన లెన్స్, జిగురు పట్టిన డబ్బా. అదృష్టం, కార్నియా మీద గీతలే పడ్డాయి, పుండు కాలేదు. డాక్టరు ఇచ్చిన చుక్కలతో వారంలో తగ్గింది. ఇప్పుడు సీజన్‌లో కొట్లో ఉన్నంతసేపూ కళ్లజోడే పెట్టుకుంటుంది. బయటికి, ఫంక్షన్లకు డైలీ.

ఇంట్లో వంట చేసేవాళ్లు, ముఖ్యంగా ఆవకాయ రోజుల్లో, ఈ వరస పాటించండి. కారం ముట్టుకోకముందే లెన్స్ పెట్టేసుకోండి. తీసేటప్పుడు ముందు చేతులకు కాస్త వంటనూనె పట్టించి వేళ్ల సందులు, గోళ్ల కింద బాగా రుద్దండి. తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో రెండు సార్లు, చివర మామూలు సబ్బుతో ఒకసారి కడగండి. నూనె జిడ్డు చేతికి మిగలకూడదు. అప్పటికీ అనుమానంగా ఉంటే ఆ రోజు డైలీ పెట్టుకుని, తీసి పారేయండి. పొయ్యి దగ్గర నిలబడితే లెన్స్ కరిగి కంటికి అతుక్కుపోతుందని చాలామంది అత్తలు కోడళ్లను భయపెడుతుంటారు. అది నిజం కాదు. లెన్స్ కరిగే వేడికి కన్ను, ముఖం ముందే కాలతాయి. పొయ్యి దగ్గర ఇబ్బంది ఆరిపోవడం, పొగ, అంతే.

రోజూ గుంటూరు నుంచి విజయవాడకు బండి మీద వెళ్లేవాళ్లు హెల్మెట్ అద్దం దించకుండా లెన్స్ పెట్టుకోకండి. గాలికి అరగంటలో లెన్స్ ఎండిపోతుంది, ఇసుక రేణువు లెన్స్ కింద దూరితే నడిరోడ్డు మీద కన్ను తెరవలేరు. రైల్లో కిటికీ పక్కన కూర్చునేవాళ్లకూ ఇదే మాట. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లు రెప్పలు తక్కువగా వేస్తారు, ఏసీ గాలి తేమను లాగేస్తుంది. లెన్స్ వాడేవాళ్లకు పనికొస్తుందని సీసా మీద రాసి ఉన్న చుక్కలే వేసుకోండి, ఎర్రదనం పోగొట్టే చుక్కలు వద్దు. లెన్స్ పెట్టెలు, సొల్యూషన్ సీసాలు మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేయకండి.

కార్తీక స్నానానికి కృష్ణ ఒడ్డుకు వెళ్లినా, సూర్యలంక సముద్రంలో దిగినా, ఇంట్లో షవర్ కింద తలస్నానం చేసినా లెన్స్ ముందే తీసేయాలి. 2016లో కృష్ణా పుష్కరాలు అయ్యాయి, 2028లో మళ్లీ వస్తాయి. స్నానఘట్టం మెట్ల మీద లెన్స్ తీసి పెట్టుకునే వీలు ఉండదు కాబట్టి ఆ రోజుకు కళ్లజోడే మేలు.

అయిదో అడుగు: కొనే ముందు వారం రోజులు

ఇంకా తేల్చుకోలేకపోతుంటే డైలీ ట్రయల్ లెన్సులతో వారం మొదలుపెట్టండి. మొదటి రోజు నాలుగు గంటలు, తర్వాత రోజుకో గంటో రెండు గంటలో పెంచుకుంటూ వెళ్లండి. పెట్టుకోవడం చేతకాక ఎక్కువమంది మొదటి మూడు రోజుల్లోనే విసుగెత్తి మానేస్తారు. అది రెప్పల భయం, అలవాటుతో పోతుంది.

వేలి కొన మీద లెన్స్‌ను వెలుతురుకు పట్టి పక్కనుంచి చూడండి. చిన్న గిన్నెలా అంచులు నిటారుగా ఉంటే సరైన వైపు. పళ్లెంలా అంచులు బయటికి వాలితే తిరగబడింది. ఎడమ చేత్తో పై రెప్పను వెంట్రుకల మొదళ్ల దగ్గర పట్టి ఎత్తండి, లెన్స్ ఉన్న చేతి మధ్య వేలితో కింది రెప్పను దించండి, అద్దంలోకి సూటిగా చూస్తూ మెల్లగా తాకించండి. పెట్టాక కిందికి చూసి, రెప్పలు నెమ్మదిగా వదలండి. తీసేటప్పుడు పైకి చూస్తూ, చూపుడు వేలితో లెన్స్‌ను తెల్లగుడ్డు మీదికి జార్చి, వేలి మెత్తటి భాగాలతో చిటికెలా పట్టి తీయండి. గోరు తగలకూడదు. లెన్స్ కనబడకపోతే కంటి వెనక్కి పోయిందని టెన్షన్ పడకండి. రెప్ప లోపలి పొర వెనక వైపు మూసుకుని ఉంటుంది, అటు పోయే దారే లేదు. పై రెప్ప కింద మడతపడి ఉంటుంది, కన్ను కదిపితే కిందికి వస్తుంది.

వారం పాటు మూడు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి: ఏ గంటకు కళ్లు ఎండినట్టు అనిపించింది, ఎన్ని రాత్రులు తీయడానికి బద్ధకించారు, ఎన్ని రోజులు నిజంగా కావాలనిపించింది. ఆ కాగితం తీసుకుని రండి. దాన్ని చూస్తే నేను చెప్పేలోపే మీకు తెలిసిపోతుంది.

పిల్లలకు ఏ వయసులో ఇవ్వొచ్చని తల్లిదండ్రులు అడుగుతారు. వయసు కంటే, చెప్పకుండానే చేతులు కడుక్కునే అలవాటు ఉందా అన్నది చూడండి. హాస్టల్‌లో ఉండే పిల్లలకు మంత్లీ నేను ఇవ్వను. పదిమందికి ఒక కుళాయి, ఒక అద్దం ఉన్న చోట రుద్ది కడగడం జరగదు. కళ్లజోడు, ఆటలకు డైలీ చాలు.

పెట్టె ఇంటికి వచ్చాక రెండు కళ్ల పవర్లు చీటీతో సరిచూసుకోండి, గడువు తేదీ చూడండి. కుడి కంటి పెట్టె మీద పెద్దగా "కు" అని రాయండి. మంత్లీ అయితే తెరిచిన తేదీ, పారేయాల్సిన తేదీ రెండూ ఫోన్‌లో గుర్తు పెట్టండి. వాడేసిన లెన్స్‌ను సింకులో, లెట్రిన్‌లో వేయకండి. అది ప్లాస్టిక్, నీళ్లలో కరగదు, ముక్కలై కాలువల్లో చేరుతుంది. డైలీ వాడేవాళ్లు రోజూ వాడితే నెలకు 60 లెన్సులు పారేస్తారు, ఈ ఒక్క జాగ్రత్త వాళ్లకు మరీ ముఖ్యం.

కన్ను ఎర్రబడితే

ఏ లెన్స్ వాడినా, రోజూ పొద్దున అద్దంలో చూసుకుని మూడు మాటలు అడగండి. కన్ను తెల్లగా ఉందా, హాయిగా ఉందా, చూపు స్పష్టంగా ఉందా. ఒక్కదానికి లేదని వచ్చినా ఆ రోజు లెన్స్ వద్దు. ఎర్రదనంతో పాటు నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, పుసి కారడం ఉంటే లెన్స్ వెంటనే తీసేసి అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రేపు ఆదివారం కదా, సోమవారం చూద్దామనుకోవద్దు. కొన్ని రకాల బ్యాక్టీరియా ఒక్క రోజులోనే కార్నియాలో పుండు చేస్తాయి.

మందుల షాపుకు వెళ్లి "కన్ను ఎర్రగా ఉందన్నా, ఏదైనా చుక్కలు ఇవ్వు" అని అడగకండి. అలా ఇచ్చే వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఒక పూట హాయిగా అనిపించి, లోపల ఇన్ఫెక్షన్ పెరిగిపోతుంది. కంటికి కట్టు కట్టకండి. తేనె, తల్లిపాలు, పటికనీళ్లు వేయకండి. తీసిన లెన్స్‌ను పారేయకండి. అదే డబ్బాలో వేసి, సొల్యూషన్ సీసాతో సహా ఒక కవర్లో పెట్టుకుని వెళ్లండి. ఏ క్రిమి ఉందో తెలుసుకోవడానికి డాక్టరు వాటిని కూడా ల్యాబ్‌కు పంపవచ్చు. డైలీ వాడేవాళ్లయితే తీసిన లెన్స్‌ను ఒక శుభ్రమైన చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్లండి, నీళ్లు పోయకుండా. కళ్లజోడు పెట్టుకునే వెళ్లండి, ఆ పూట బండి ఇంకెవరినైనా నడపమనండి.